పదకొండు ప్లేట్లు, ఒక నీళ్ళ సీసా: మూడు రోజుల స్టూడెంట్ నాటకోత్సవం

సాయంత్రం 6 గంటలకని పాస్ మీద అచ్చేసిన మొదటి నాటిక 7:40కి మొదలైంది. ఈలోపు జ్యోతి ప్రజ్వలన, ముగ్గురు ముఖ్య అతిథులు, ఆరు శాలువాలు. శాలువాలు నేనే లెక్కపెట్టాను, వేరే పనేం లేదు కాబట్టి. ఒక అతిథి గారు యువత నాటకరంగానికి దూరమైపోతోందని పావుగంట బాధపడ్డారు. ఆయన బాధపడుతున్నంతసేపూ వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెర చాటున, మేకప్ వేసుకుని నిలబడ్డ పిల్లలు చెమటలు తుడుచుకుంటూనే ఉన్నారు. నేను కూర్చున్న చోటికి వాళ్ళు బాగా కనిపిస్తున్నారు.

నాది తెనాలి. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. 33 ఏళ్ళుగా పరిషత్తు నాటికలకి, అంటే పోటీల్లో ఆడే నాటికలకి, లైట్లు వేస్తున్నాను. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మా ఊళ్ళోనే. అందుకని నాటకం విషయంలో మాకు కాస్త పొగరెక్కువ, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. మా చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ టీమ్ ఈ ఉత్సవంలో ఆడుతోందని ఫోన్ చేసి రమ్మంది. రమ్మంటూనే, "మావయ్యా, మధ్యలో లేచి లైట్లు వేసేవాళ్ళని తిట్టకు, ప్లీజ్" అంది. మాటిచ్చాను. దాదాపు నిలబెట్టుకున్నాను.

ఉత్సవం జరిపిన కాలేజీ పేరు రాయను. దాని మీద నాలుగు ఫిర్యాదులున్నాయి, పిల్లల మీద ఒక్కటీ లేదు. పేరు రాస్తే చివరికి తలనొప్పి పిల్లలకే.

ఏర్పాటు ఇది. తొమ్మిది కాలేజీల టీములు, రోజుకి మూడు చొప్పున తొమ్మిది నాటికలు. ఒక్కోటీ 40 నిమిషాలు దాటకూడదు. అన్నీ పిల్లలు సొంతంగా రాసుకున్నవే అయ్యుండాలి, అచ్చయిన నాటికలు ఆడకూడదు. ఈ నిబంధన పెట్టిన వాళ్ళెవరో గానీ వాళ్ళకో దండం. పొద్దున పూట వర్క్‌షాపులు. మూడు రోజుల పాస్ 300 రూపాయలు, వర్క్‌షాప్ ఒక్కోదానికి 150. వర్క్‌షాప్‌కి పాతికమందినే తీసుకుంటామన్నారు. అరవై దాటినవాణ్ణి రానిస్తారో లేదోనని మొహమాటపడ్డాను గానీ, కౌంటర్ దగ్గర అమ్మాయి వయసు అడగనైనా లేదు. చేతికి పచ్చ రిబ్బను కట్టి, "అంకుల్, షూస్ బయట విప్పేయండి" అంది.

హాలు సంగతి త్వరగా తేల్చేస్తాను. సీట్లు పర్లేదు. సీలింగ్ ఫ్యాన్లు మాత్రం పాతవి, స్పీడ్ పెంచితే గ్రైండరే. ఫ్యాన్లు తిరిగితే మాట వినపడదు, ఆపితే జనం విసనకర్రల్లా బ్రోషర్లు ఊపుతారు. స్టేజీ పైనుంచి వేలాడదీసిన మైకులు మూడు. మధ్య మైకు కింద నిలబడ్డవాడు ఉరుముతాడు, రెండడుగులు పక్కకి జరిగితే గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. నేను మొదటి రోజే గోడవారగా మూడో వరసకి మారిపోయాను.

ఆ మొదటి రోజు రెండో నాటికతో నా డబ్బులు గిట్టుబాటైపోయాయి. కథంతా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో. సెట్ అంటే నేల మీద సుద్దముక్కతో గీసిన నాలుగడుగుల చదరం, అంతే. అందులో నలుగురు: ఫుడ్ డెలివరీ కుర్రాడు, పదో అంతస్తు ఆవిడ, ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లవాడు, వాచ్‌మన్. "సర్వీస్ లిఫ్ట్‌లో రావాలని తెలీదా?" అని ఆవిడ కసురుతుంటే లిఫ్ట్ ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఆగిపోతుంది.

నాకు నచ్చింది కథ కన్నా ముందు లైటు. స్టేజీ లైట్లన్నీ ఆపేశారు. చదరం వెనక స్టూల్ మీద ఐదో మనిషి, నల్ల చుడీదార్ వేసుకున్న అమ్మాయి, నిలబడి ఉంది. ఒక చేతిలో టార్చ్ వేసిన ఫోన్, దానికి ఆనించి లీటరు నీళ్ళ సీసా. సీసాలో నాలుగు చుక్కలు పాలు కలిపారని తర్వాత కనుక్కున్నాను. ఉత్త నీళ్ళయితే వెలుగు చీలికలు చీలికలుగా పడుతుంది, పాలచుక్క పడితే సీసా మొత్తం బల్బులా వెలుగుతుంది. అదే లిఫ్ట్‌లో లైటు. లిఫ్ట్ ఆగినప్పుడు ఆ అమ్మాయి సీసా మీద అరచెయ్యి పెట్టింది. చీకటి, మళ్ళీ వేళ్ళ సందుల్లోంచి కాస్త వెలుగు. లిఫ్ట్‌లో నలుగురూ పోట్లాడుకుంటుంటే చెయ్యి కొద్దిగా వణికింది. కావాలని వణికించిందో, చెయ్యి నొప్పెట్టి వణికిందో నాకు తెలీదు. ఖర్చు ఇరవై రూపాయలు, వాటర్ బాటిల్‌ది. నేను 33 ఏళ్ళల్లో లైటుని ఒక పాత్రగా నిలబెట్టలేదు.

డెలివరీ కుర్రాడిగా వేసినవాడిది నల్గొండ వైపట. వాడి యాస వేషానికి తొడుక్కున్నది కాదు, ఇంట్లో మాట్లాడేదే. "లిఫ్ట్ ఆగిందని మీకు భయమైతుంది, ఫుడ్ సల్లగైతుందని నాకు భయమైతుంది. ఇద్దరి భయం ఒక్క లిఫ్ట్‌లనే ఉంది గదమ్మా" అన్నాడు. హాల్లో నవ్వు మొదలై సగంలో ఆగిపోయింది. అలా ఆగిపోయే నవ్వు కోసం మా వైపు రచయితలు తలలు బద్దలుకొట్టుకుంటారు.

చెడగొట్టుకున్నది చివర్లో. లిఫ్ట్ కదిలింది, తలుపు తెరుచుకుంది, అయిపోయింది అనుకుంటుంటే నలుగురూ చదరం దాటి ముందుకొచ్చి, చేతులు చాపి, సమానత్వం మీద ఒక నిమిషం కోరస్‌గా ఉపన్యాసం ఇచ్చారు. ఈ రోగం మా పరిషత్తుల నుంచే అంటుకుందని నాకు అనుమానం. జడ్జీలకి సందేశం అందలేదేమోనని భయం. ఇంత తెలివైన పిల్లలకి ఆ భయం ఎందుకో.

రెండో రోజు మొదటి నాటికలో పురాణ పాత్రలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకొస్తాయి. కర్ణుడికి రిఫరెన్స్ లేదు, ధర్మరాజుకి ఆన్‌లైన్ రమ్మీ అలవాటు, ఇలా. ఈ పాత్రల్ని మా వాళ్ళు ఎప్పుడో రేషన్ షాపు క్యూలో కూడా నిలబెట్టేశారు. అందులో బాగా పండిన సీన్ ఒక్కటే, అది స్క్రిప్టులో లేదు. శకుని నోరు తెరిచేసరికి ఠప్పున లైట్లన్నీ పోయాయి. మైకులు పోయాయి, ఫ్యాన్లు కూడా. అది నాటికలో భాగమే అనుకుని జనం నాలుగు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

మాటిచ్చినా లేవక తప్పలేదు. బోర్డు ఎక్కడుందని అడిగి వెళ్ళి చూశాను. 32 ఆంపియర్ల ఎంసీబీ, లోడ్ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్. దాని మీద వెయ్యి వాట్ల పార్ లైట్లు (స్టేజీ మీద వేసేవి) ఆరు, వాటికే 26 ఆంపియర్లు కావాలి. అక్కడికే కడుపు నిండింది. అదే లైన్ నుంచి బయట వరండాలో టీ స్టాల్‌కి వైరు లాగారు. ఇండక్షన్ స్టవ్ ఒకటి, టీ బాయిలర్ ఒకటి, రెండూ రెండేసి వేల వాట్లవి. అంటే అతిథులకి టీ మరిగితే శకుని ఆరిపోతాడన్నమాట. స్టాల్ ప్లగ్గులు పీకించి స్విచ్ పైకెత్తాను. నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి "మీరెవరండీ, బోర్డు ముట్టుకోవద్దు" అన్నారు. అంతకుముందు ఆ బోర్డుకి తలుపే లేదు, చిన్నపిల్లలు తిరిగే వరండాలో తెరిచి ఉంది, దాని గురించి మాత్రం మాట్లాడలేదు. మూడో రోజుకి ఒక అట్టముక్క అడ్డం పెట్టారు.

ఇక పొద్దుటి వర్క్‌షాపులు. నిజం చెప్పాలంటే సాయంత్రం నాటికల కన్నా నాకు ఇవే ఎక్కువ గుర్తున్నాయి.

మొదటి రోజుది వాచికం, అంటే స్టేజీ మీద మాట పలికే తీరు. నేర్పినాయన పద్యనాటకాల్లో చాలాకాలం వేషాలు కట్టిన పెద్దమనిషి, పంచె కట్టుకుని వచ్చారు. పద్యం పాడతారేమోనని పిల్లలు కొంచెం బెదిరినట్టే కూర్చున్నారు. ఆయన పద్యం జోలికే పోలేదు. జేబులోంచి కరెంటు బిల్లు తీసి ఒక కుర్రాడికిచ్చి, దాన్ని గుసగుసగా చదవమన్నారు. ఆ గుసగుస చివరి వరసలో కూర్చున్న నాకు వినపడాలట. మొదట ఎవరి వల్లా కాలేదు. గుసగుస పెంచబోతే అరుపైపోతోంది. అప్పుడు చెప్పారాయన, వాక్యం చివరికి వచ్చేసరికి మీ ఊపిరి అయిపోతోంది, తెలుగులో క్రియ చివర్లోనే ఉంటుంది, అదే మింగేస్తే వాడు వచ్చాడో రాలేదో ప్రేక్షకుడికెలా తెలుస్తుందీ అని. ఇంత సూటిగా ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నాటికలు చూస్తుంటే నిజమే, పిల్లలు మింగుతున్నవన్నీ చివరి మాటలే. "నేను మీ ఇంటికి ఇంక రా..." తర్వాత "ను" అన్నాడో "లేను" అన్నాడో పక్కనున్నావిణ్ణి అడగాల్సి వచ్చింది.

రెండో రోజుది ఫోరం థియేటర్. బ్రెజిల్‌కి చెందిన అగస్తో బోల్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. మన దేశంలో బెంగాల్‌లో 1985లో మొదలైన జన సంస్కృతి అనే నాటక బృందం వాళ్ళు దీన్ని ఊళ్ళల్లో చేస్తున్నారు. పద్ధతేమిటంటే, అన్యాయం జరిగే ఒక సీన్ ఆడతారు. తర్వాత మళ్ళీ మొదటి నుంచి ఆడుతుంటే, చూసేవాళ్ళలో ఎవరైనా "ఆపండి" అని లేచి, నష్టపోతున్న పాత్రలోకి తామే వెళ్ళి వేరేలా ప్రయత్నించొచ్చు. ఎదుటి పాత్రలు లొంగిపోరు, ఎదురు తిరుగుతారు.

పిల్లలు ఎంచుకున్న సీన్ పీజీ హాస్టల్ ఓనరు అడ్వాన్స్ తిరిగివ్వకపోవడం. ఓనరమ్మగా వేసింది పందొమ్మిదేళ్ళ పిల్ల. జుట్టు ముడేసుకుని, చేతిలో తాళాల గుత్తి ఆడిస్తూ, "పెయింటింగ్‌కి రెండు వేలు కట్. ఫ్యాన్ రెక్క వంగింది, వెయ్యి కట్" అంటోంది. ముగ్గురు లేచారు. ఒకడు దబాయించాడు, ఒకమ్మాయి వినియోగదారుల కోర్టంది, ఒకడు ఏడ్చాడు. ముగ్గురూ ఓడిపోయారు. ఫ్యాన్ రెక్క మాట వినేసరికి నాకు ఆగలేదు. "ఆపండి" అని లేచాను. హాలంతా ఒకటే ఈలలు.

"ఫ్యాన్ రెక్క నేను చూస్తాను తల్లీ, వంగితే ఊగుతుంది, ఊగట్లేదు కదా" అన్నాను. ఇక్కడ గెలుస్తాననుకున్నాను. ఆ పిల్ల తాళాలు ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూసి, "అంకుల్, మీరు గార్డియనా? చాలా సంతోషం. రెండు నెలల మెయింటెనెన్స్ బాకీ ఉంది, మీతోనే మాట్లాడాలనుకుంటున్నా. ఫోన్‌పేనా, క్యాషా?" అంది. నా నోట మాట లేదు. మొత్తం లెక్కేస్తే నేను లేచాక ఆ అద్దెకున్న పిల్లకి నష్టం ఇంకో పదిహేను వందలు పెరిగింది. చివరికి కాస్తో కూస్తో గెలిచింది, గదుల్లో ఉన్న మిగతా ఐదుగుర్నీ కూడా స్టేజీ మీదకి పిలిచి, అందరం ఒకే రోజు ఖాళీ చేస్తామన్న అమ్మాయి. ఓనరమ్మ తాళాల గుత్తి చప్పుడు తగ్గింది. 150 రూపాయలకి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ సాయంత్రం చివరి నాటిక. దీనికి నేను పెట్టుకున్న పేరు పదకొండు ప్లేట్లు. మాటల్లేవు. పదకొండు మంది, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి, ఒకే బూడిదరంగు టీషర్టుల్లో. ఒక్కొక్కరి చేతిలో ఒక స్టీలు ప్లేటు, హాస్టల్లో అన్నం తినే గళ్ళ ప్లేటు. అది ఎంసెట్ కోచింగ్ హాస్టల్ అని మనకి ఎవరూ చెప్పరు. పరీక్ష పేరు మారినా మనమింకా ఎంసెట్ అనే అంటాం కదా, అదే. తెల్లవారుజామున బెల్లు: ఒకడు ప్లేటు మీద చెంచాతో కొడతాడు. స్టడీ అవర్: ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని పుస్తకాల్లా తిప్పుతారు, పదకొండు చేతులు ఒకేసారి. పరీక్ష: ప్లేటు మీద గోరుతో గీకుతారు. ఆ చప్పుడు పళ్ళు జివ్వుమనిపించేలా ఉంది, నా పక్కనావిడ చెవులు మూసుకుంది. ర్యాంకులు: ప్లేట్లు తలల మీద పెట్టుకుని వరసలో నిలబడతారు, ముందుకీ వెనక్కీ మారుతుంటారు, ప్లేటు పడకూడదు. ఆదివారం ఫోన్ టైము: ప్లేటు చెవికి ఆనించుకుంటారు. అమ్మతో ఏం మాట్లాడుతున్నారో వినపడదు, పదకొండు మొహాలూ నవ్వుతుంటాయి, పదకొండు కాళ్ళూ నేలని రాస్తుంటాయి. ఈ రెండూ ఒకే శరీరంలో చేయించడం తేలిక కాదు. నవ్వు మొహం చూసేవాళ్ళు కాలు చూడరు. కాలు మీదకి చూపు వెళ్ళేలా వెలుగుని మోకాళ్ళ కింద కాస్త ఎక్కువ పెట్టారు. అది ఎవరి ఆలోచనో గానీ సరిగ్గా పడింది.

తర్వాత మళ్ళీ తెల్లవారుజాము. చీకట్లో హాజరు పిలుస్తారు. పేర్లుండవు, చెంచాతో ఒక దెబ్బ కొడితే ఒక ప్లేటు జవాబిస్తుంది. దెబ్బ, జవాబు. దెబ్బ, జవాబు. ఏడో దెబ్బకి జవాబు రాలేదు. మళ్ళీ కొట్టాడు. రాలేదు. మూడోసారి కొట్టకుండా ఎనిమిదోదానికి వెళ్ళిపోయాడు. వెలుగొచ్చేసరికి ఒక ప్లేటు నేల మీద బోర్లా ఉంది, పదిమంది దాని పక్కనుంచే నడిచి స్టడీ అవర్‌కి వెళ్ళి కూర్చున్నారు. చప్పట్లు వెంటనే రాలేదు. వెనక ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది. నేనూ కండువా తీశాను, ఫ్యాను దుమ్ము అని చెప్పొచ్చు గానీ, కాదు.

ఇంతా చేసి, ఆ ఆఖరి క్షణంలో స్టేజీ మొత్తం ఎర్ర లైటుతో ముంచేశారు. నాకు ఒళ్ళు మండింది. నేల మీద ఒక ప్లేటు చాలు, దానికి మళ్ళీ ఎరుపు దేనికి? నాటిక అయ్యాక లైట్ల దగ్గరకి వెళ్ళాను. ఆపరేట్ చేసింది ఫైనలియర్ అమ్మాయి, కళ్ళజోడు, మెడలో బ్లాక్ టేపు చుట్ట వేలాడుతోంది. తిట్టలేదు, మామూలుగానే అడిగాను, "ఎరుపెందుకమ్మా? ప్రమాదమని మాకు అర్థమైంది కదా" అని. ఆ అమ్మాయి చిరాగ్గా చూసింది. "అది ప్రమాదం కాదు సర్. మా హాస్టల్లో రూముకి ఒక డిజిటల్ గడియారం ఉండేది, ఎర్ర అంకెలు. రాత్రి లేస్తే గదంతా అదే రంగు. రెండేళ్ళు అదే చూశాను" అంది.

నాకేం మాట్లాడాలో తెలియలేదు. కానీ ఇప్పటికీ నా వాదన నాదే. ఆ గడియారం నీకు తెలుసు, మూడో వరసలో కూర్చున్నవాడికి తెలీదు. మొదట్లో ఒక్కసారి మూలన చిన్న ఎర్ర వెలుగు చూపించి ఉంటే చివర్లో అదే వచ్చి మీద పడేది. ఇదే చెప్పాను. "ఆలోచిస్తా సర్" అంది గానీ ఒప్పుకున్నట్టు లేదు. ఒప్పుకోనక్కర్లేదు కూడా.

మా మేనకోడలి నాటిక మూడో రోజు. బంధువుని కాబట్టి ఎక్కువ రాయను. ఇద్దరు రూమ్మేట్లు, ఒక మిక్సీ, ఒక అబద్ధం. రాసింది మా పిల్లే, వేసింది కూడా తనే. రాత బాగుంది. మిక్సీ తిరిగినప్పుడే ఇద్దరూ నిజాలు చెప్పుకుంటారు, ఆ చప్పుట్లో ఒకరిది ఒకరికి వినపడదని. మంచి ఊహ. కానీ మిక్సీ నిజంగానే ఆన్ చేశారు, దాంతో ఆ నిజాలు మనకీ వినపడలేదు. పైగా మా పిల్ల మాట్లాడేటప్పుడల్లా వింగ్ వైపు తిరుగుతుంది, అక్కడ ఎవరో ప్రాంప్టింగ్ ఇస్తున్నట్టు. రాత్రి భోజనాల దగ్గర చెప్తే, "మావయ్యా, ఒక్క ముక్క మెచ్చుకోవచ్చు కదా" అంది. మిక్సీ ఊహ బాగుందన్నాను. "అది నా రూమ్మేట్ ఐడియా" అంది.

మూడో రోజు పొద్దున లైటింగ్ వర్క్‌షాప్. దీనికి నేను ముందు వరసలో కూర్చున్నానని వేరే చెప్పక్కర్లేదు. నేర్పిన కుర్రాడు ముప్పై లోపు ఉంటాడు, ల్యాప్‌టాప్ మీద ఎల్‌ఈడీ పార్‌లన్నీ ఆడించాడు. తేడా బాగా చూపించాడు. పక్కపక్కనే ఒక హాలోజన్, ఒక ఎల్‌ఈడీ పెట్టి రెండింటినీ మెల్లగా తగ్గించాడు. హాలోజన్ తగ్గేకొద్దీ పసుపు, నారింజ, చివరికి నిప్పుకణికలా ఎర్రబడి ఆరింది. ఎల్‌ఈడీ అదే తెలుపులో పలచబడుతూ వచ్చి చివరి మెట్టులో టక్కున పోయింది. సాయంత్రం సూర్యుడు దిగినట్టు కావాలంటే ఎల్‌ఈడీలో ఆ రంగు మీరే కలుపుకోవాలి, దానంతట అది రాదు, అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, మన ఒంటి రంగు మీద ఉత్త నీలం వేస్తే మొహం బూడిదలా కనపడుతుందని. అప్పటికి రెండు రోజులుగా ప్రతి నాటికలోనూ రాత్రంటే నీలమే. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

మధ్యలో మా మేనకోడలు ఊరుకోక, "మా మావయ్య ఉప్పునీళ్ళ డిమ్మర్ వాడాడు" అని అరిచింది. ఆ కుర్రాడు ఫోటోలో తప్ప చూడలేదట. లైటు పెంచి తగ్గించే ఆ పాత సాధనం గురించి లేచి చెప్పాల్సి వచ్చింది. పింగాణీ జాడీలో నీళ్ళు, అందులో గుప్పెడు ఉప్పు. అడుగున ఒక రేకు, పైన తాడుకి కట్టిన ఇంకో రేకు. పై రేకు కిందికి దించేకొద్దీ రెండూ దగ్గరై కరెంటు ఎక్కువ పారుతుంది, లైటు పెరుగుతుంది. పైకి లాగితే తగ్గుతుంది. ఉప్పు ఎక్కువైతే లైటు ఒక్కసారిగా భగ్గుమంటుంది, తక్కువైతే హీరోయిన్ చచ్చిపోయినా సీను చీకటవదు. మూడో అంకానికొచ్చేసరికి నీళ్ళు సలసలా మరిగేవి, ఆవిరి వింగ్‌లోంచి స్టేజీ మీదకి పాకేది. ఒకసారి ఒక పరిషత్తులో జడ్జీ గారు ఆ ఆవిరిని చూసి మంచు ఎఫెక్ట్ బాగుందని నోట్ రాసుకున్నారు. నేను మొదలుపెట్టిన నాలుగైదేళ్ళకే వాటిని మూల పడేశాం. ఒకసారి నాకు షాక్ కొట్టి చెయ్యి రెండు రోజులు లేవలేదు, ఆ సంగతి కూడా చెప్పాను, లేకపోతే ఈ పిల్లలు హాస్టల్లో చేసి చూస్తారు. అందరూ ఫోన్లలో వీడియో తీశారు. లిఫ్ట్ నాటికలో సీసా పట్టుకున్న అమ్మాయి వచ్చి, "ఉప్పు ఎన్ని గ్రాములు అంకుల్?" అని అడిగింది. చెప్పలేదు.

ఇప్పుడు నా అసలు బాధ. ఈ తొమ్మిది నాటికలూ ఒక్కసారే ఆడారు. లిఫ్ట్ వాళ్ళని అడిగాను, మళ్ళీ ఎప్పుడు అని. పరీక్షలున్నాయి అంకుల్ అన్నారు. పదకొండు ప్లేట్ల వాళ్ళలో నలుగురు ఫైనలియర్, వేసవికి తలోదారి. మా పరిషత్తు నాటిక ఎంత నాసిరకమైనా ఒక సీజన్‌లో పది పదిహేను ఊళ్ళు తిరుగుతుంది. ఐదో ప్రదర్శనకి నవ్వు ఎక్కడ వస్తుందో తెలుస్తుంది, పదోదానికి ఎక్కడ మాట తగ్గించాలో తెలుస్తుంది. లిఫ్ట్ నాటిక మూడోసారి ఆడితే ఆ ఉపన్యాసం దానంతట అదే రాలిపోయేది. మూడు నెలలు రిహార్సల్ చేసి, 40 నిమిషాలు ఆడి, సుద్ద గీత తడిగుడ్డతో తుడిచేసి వెళ్ళిపోవడం నాకు మింగుడు పడలేదు. శాలువాల గంటా నలభై నిమిషాలు మిగిలించి ఉంటే మొదటి రోజే ఇంకో రెండు నాటికలు పట్టేవి. ఆఖరి రోజు మధ్యాహ్నం బాగున్నవి మళ్ళీ ఆడించొచ్చు. నగరంలో బంజారాహిల్స్ లామకాన్ లాంటి, నాటకాలు ఆడుకోగలిగే చోట్లున్నాయి, అక్కడికి తీసుకెళ్ళొచ్చు. ఫీడ్‌బ్యాక్ కాగితం మీద ఇదంతా రాసిచ్చాను, రెండు వైపులా.

ఊరికొచ్చాక ఊరుకోలేక మా వైపు ఒక పరిషత్తు పెద్దాయనకి ఫోన్ చేశాను. ఇలా పదకొండు మంది పిల్లలున్నారండీ, ప్లేట్లతో ఆడతారు, మాటల్లేవు, పిలుద్దాం, రాను పోను ఛార్జీల్లో సగం నేనిస్తాను అన్నాను. ఆయన మంచాయనే, శ్రద్ధగా విన్నారు. విని, "మాటల్లేవంటున్నారు, మరి ఉత్తమ రచన మార్కులు ఎలా వెయ్యమంటారండీ?" అని అడిగారు. ఇంకా మాట్లాడుతున్నాం.

వచ్చే ఏడాది మళ్ళీ పెడతామని చివరి రోజు మైకులో చెప్పారు. వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు. పాస్ తీసుకున్నప్పుడే వర్క్‌షాప్‌కి పేరు రాయించుకోండి, రెండో రోజుకి ఖాళీల్లేవు. సాయంత్రం 6 అంటే 7కి వెళ్ళండి, శాలువాలు తప్పుతాయి. గోడవారగా మూడో వరస, అక్కడికి మాట తిన్నగా వస్తుంది. క్యాంటీన్ సమోసా వద్దు, గేటు బయట బండి మీద మిరపకాయ బజ్జీ వేడిగా దొరుకుతుంది. టీ మాత్రం నాటిక మొదలవకముందే తాగేయండి.